లినక్స్‌లో యూఎస్‌బీ వైఫై డాంగిల్‌కి డ్రైవర్ పెట్టడం ఎలా?

డాంగిల్ పెట్టారు, లైటు కూడా వెలిగింది, కానీ తెర మూలన వైఫై గుర్తు రాలేదు. ఇలాంటప్పుడు ఎక్కువమంది డబ్బా మీది మోడల్ నంబరు పట్టుకుని నెట్‌లో వెతుకుతారు, మొదట కనబడిన డ్రైవర్‌ని (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) దించుకుని కంపైల్ చేస్తారు, అంటే సోర్స్ కోడ్ నుంచి తామే కట్టుకుంటారు. అది పనిచేయకపోతే ఇంకొకటి. అలా రెండు మూడు డ్రైవర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాక అసలు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం. పైగా ఇప్పుడొస్తున్న కెర్నెల్స్‌లో (కెర్నెల్ అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) చాలా డాంగిళ్లకు కంపైల్ చేయాల్సిన పనే లేదు. డ్రైవర్ లోపలే ఉంటుంది. అది అడిగే చిన్న ఫైలో, ఒక సెట్టింగో అడ్డుపడుతుంటుంది.

వైఫై రావాలంటే ఒక వరుస నడవాలి. కంప్యూటర్ డాంగిల్‌ని చూడాలి. చూసినదానికి తగిన డ్రైవర్ తగులుకోవాలి. ఆ డ్రైవర్ చిప్‌లోకి ఫర్మ్‌వేర్, అంటే చిప్ నడపాల్సిన ప్రోగ్రామ్, ఎక్కించాలి. రేడియో తెరిచి ఉండాలి. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లు కనబడాలి. ఆఖరున పాస్‌వర్డ్ కుదరాలి. బండి ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. కింద చెప్పేదంతా ఈ వరుసలోనే ఉంటుంది. మధ్యలో దూకకుండా చేయండి.

ఇవన్నీ డెబియన్ 12, 13, ఉబుంటు 22.04, 24.04, వాటి మీద కట్టిన లినక్స్ మింట్‌లకు పనికొస్తాయి. కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం. ఖాళీలు, అడ్డగీతలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

ముందు ఫోన్‌తో నెట్ తెచ్చుకోండి

వైఫై లేదు, దాన్ని తెప్పించడానికి ప్యాకేజీలు దించుకోవాలంటే నెట్ కావాలి. ల్యాన్ కేబుల్ ఉంటే సరే. లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ ఉన్న చోటికి వెళ్లి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దీనికి కావాల్సిన డ్రైవర్ కెర్నెల్‌లో ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. కొద్ది సెకన్లలో నెట్ వచ్చేస్తుంది. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫైనే కేబుల్ ద్వారా ఇస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. టెథరింగ్ బటన్ వెలవెలబోయి నొక్కుడు పడకపోతే కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి.

డాంగిల్ లోపల ఏ చిప్ ఉందో చూడండి

డ్రైవర్‌కి కావాల్సింది డబ్బా మీది పేరు కాదు, లోపలి చిప్. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్. దీని మొదటి వెర్షన్‌లో ఏథరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. రెండు, మూడు వెర్షన్లలో రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్ పెట్టారు. పేరూ రూపమూ ఒకటే, యాంటెన్నా కూడా ఒకటే. డ్రైవర్లు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనివి. మొదటి వెర్షన్ కోసం రాసిన సూచనలు రెండో వెర్షన్ మీద ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం ఉండదు.

డాంగిల్ తీసేసి టెర్మినల్‌లో ఇది కొట్టండి:

ఎల్ఎస్‌యూఎస్‌బీ

తర్వాత డాంగిల్ పెట్టి అదే మళ్లీ కొట్టండి. కొత్తగా చేరిన వరుసే మీ డాంగిల్. అందులో ఐడీ అన్న మాట తర్వాత నాలుగు అక్షరాలు, మధ్యలో కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగూ తయారీదారుని గుర్తు, తర్వాతి నాలుగూ పరికరానికి. పైన చెప్పిన డాంగిల్‌నే తీసుకుంటే, 0సీఎఫ్3:9271 అని వస్తే అది ఏథరోస్ ఉన్న మొదటి వెర్షన్, 2357:010సీ అని వస్తే రియల్‌టెక్ ఉన్నది. ఈ ఎనిమిది అక్షరాలూ కాగితం మీద రాసుకోండి. ఇకపై దేన్ని వెతికినా వీటితోనే వెతకండి.

కొత్త వరుస అసలు రాకపోతే డ్రైవర్ జోలికి వెళ్లొద్దు, అది ఇంకా హార్డ్‌వేర్ దగ్గరే ఆగింది. ఈ కమాండ్ నడుపుతూ డాంగిల్ తీసి పెట్టండి:

సుడో డీమెస్గ్ -డబ్ల్యూ

కెర్నెల్ చెప్పేది అప్పటికప్పుడు తెర మీద కనబడుతుంది. ఎర్రర్ -71 అని వస్తే డాంగిల్‌కీ కంప్యూటర్‌కీ మధ్య మాట సరిగా అందడం లేదు. ఎర్రర్ -110 అంటే అడిగినదానికి జవాబు గడువులోగా రాలేదు. రెండింటికీ మొదటి అనుమానం పోర్టు, హబ్, పొడిగింపు కేబుల్ మీదే. విడి కరెంటు లేని చవక హబ్‌లో పెట్టి ఉంటే తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టుల కంటే వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టులు నమ్మదగినవి. ఏ పోర్టులో పెట్టినా, వేరే కంప్యూటర్‌లో పెట్టినా ఒక్క వరుసా రాకపోతే డాంగిల్ పోయినట్టే.

సీడీలా కనబడే డాంగిళ్లు

ఐడీ 0బీడీఏ:1ఏ2బీ అని వస్తే కంగారు పడకండి. కొన్ని రియల్‌టెక్ డాంగిళ్లు విండోస్ డ్రైవర్‌ని తమ లోపలే పెట్టుకుని వస్తాయి. పెట్టగానే ముందు సీడీ డ్రైవ్‌లా కనబడతాయి. విండోస్‌లో ఆ డ్రైవర్ ఎక్కాక అసలు రూపంలోకి మారతాయి. లినక్స్‌లో మార్చేవాళ్లు లేకపోతే అలా సీడీగానే ఉండిపోతాయి. ఏ వైఫై డ్రైవర్ పెట్టినా తగులుకోదు, ఎందుకంటే అక్కడ వైఫై పరికరమే లేదు.

తేలిక మార్గం ఏమిటంటే ఫైల్ మేనేజర్‌లో కనబడే ఆ సీడీని ఎజెక్ట్ చేయడం. అదే పని కమాండ్‌తో చేయాలంటే:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యూఎస్‌బీ-మోడ్‌స్విచ్
సుడో యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ -కె -డబ్ల్యూ -వి 0బీడీఏ -పి 1ఏ2బీ

రెండో వరుసలో కె, డబ్ల్యూ పెద్ద అక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. తర్వాత ఎల్ఎస్‌యూఎస్‌బీ మళ్లీ కొడితే ఐడీ మారి ఉండాలి. ఉదాహరణకు 0బీడీఏ:సీ811 అని వస్తే లోపలున్నది ఆర్‌టీఎల్8811సీయూ. ఆ ప్యాకేజీ ఉంటే తర్వాతి బూట్‌లలో చాలావాటికి ఈ మార్పు దానంతట అదే జరుగుతుంది.

డ్రైవర్ తగులుకుందా?

ఎల్ఎస్‌యూఎస్‌బీ -టి

ఇది యూఎస్‌బీ పరికరాలను చెట్టులా చూపిస్తుంది. మీ డాంగిల్ వరుసలో డ్రైవర్ అన్న చోట పేరు ఉంటే తగులుకున్నట్టు. అక్కడ ఖాళీగా ఉన్నా, నన్ అని ఉన్నా ఎవరూ దాన్ని పట్టించుకోలేదని అర్థం. ల్యాప్‌టాప్ లోపలి కార్డుకైతే ఎల్ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ వరుస కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అన్న మాట ఉందో లేదో చూడాలి.

ఏ డ్రైవరూ తగులుకోలేదంటే కారణం చాలావరకు కెర్నెల్ పాతది కావడమే. మీ కెర్నెల్ ఏదో యూనేమ్ -ఆర్ చెబుతుంది. డెబియన్ 12తో 6.1 వస్తుంది, డెబియన్ 13తో 6.12, ఉబుంటు 22.04తో మొదట్లో 5.15, ఉబుంటు 24.04తో మొదట్లో 6.8. ఈ అంకెలు ఎందుకు ముఖ్యమంటే, రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్‌లకు కెర్నెల్‌లో సరైన డ్రైవర్లు ఈ మధ్యే చేరాయి. ఆర్‌టీఎల్8821సీయూ, 8811సీయూ, 8822బీయూ, 8822సీయూలకు ఆర్‌టీడబ్ల్యూ88 అనే డ్రైవర్ 6.2 కెర్నెల్ నుంచి పనిచేస్తుంది. ఆర్‌టీఎల్8188ఈయూఎస్‌ని 6.3 నుంచి ఆర్‌టీఎల్8ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌యూ అనే డ్రైవర్ చూసుకుంటుంది. ఏఆర్9271కి ఏటీహెచ్9కే_హెచ్‌టీసీ ఎన్నో ఏళ్లుగా ఉంది, దానికి ఈ గొడవే లేదు.

కాబట్టి పాత కెర్నెల్ మీద బయటి డ్రైవర్ కంపైల్ చేసే ముందు కెర్నెల్‌నే కొత్తది చేసుకోవడం మా దృష్టిలో ఎప్పుడూ మేలు. ఉబుంటు 22.04లో:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04

ఇది 6.8 కెర్నెల్ తెస్తుంది. డెబియన్ 12లో బ్యాక్‌పోర్ట్స్ (కొత్త వెర్షన్ ప్యాకేజీలు దొరికే విభాగం) చేర్చుకుని అక్కడి నుంచి లినక్స్-ఇమేజ్-ఏఎండీ64 పెట్టుకోవచ్చు. కొత్త కెర్నెల్ కుదరకపోతే, బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాతదాన్నే ఎంచుకోవచ్చు, అది అక్కడే ఉంటుంది.

ఫర్మ్‌వేర్: ఎక్కువసార్లు ఆగేది ఇక్కడే

వైఫై చిప్ అంటే తనకంటూ ఒక చిన్న ప్రాసెసర్ ఉన్న పరికరం. ఆ ప్రాసెసర్ నడపాల్సిన ప్రోగ్రామ్‌ని డాంగిల్ తనలో దాచుకోదు. పెట్టిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫైల్‌ని /లిబ్/ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. డ్రైవర్ ఉండి ఫైల్ లేకపోతే చిప్ మౌనంగా ఉండిపోతుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ -టి లో అంతా బాగున్నట్టే కనబడినా వైఫై రాకపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

సుడో డీమెస్గ్ | గ్రెప్ -ఐ ఫర్మ్‌వేర్

డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫర్ అని మొదలై, ఒక ఫైల్ పేరు చెప్పి, ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2 అని ముగిసే వరుస ఉందేమో చూడండి. ఇక్కడ -2 అంటే ఆ పేరుతో ఫైల్ దొరకలేదు అని. ఏ ఫైల్ కావాలో కెర్నెలే పేరుతో సహా చెబుతోంది. ఆర్‌టీఎల్8188ఈయూఎస్ అయితే ఆర్‌టీఎల్‌వైఫై ఫోల్డర్‌లోని ఆర్‌టీఎల్8188ఈయూఎఫ్‌డబ్ల్యూ.బిన్ కావాలని అడుగుతుంది. కొన్ని డ్రైవర్లు కొత్త ఫైల్ దొరక్కపోతే పాతదాన్ని వెతుకుతాయి. అప్పుడు మొదటి వరుస ఫెయిల్ అని ఉన్నా, కింద ఇంకో ఫైల్ లోడ్ అయినట్టు ఉంటుంది. అది తప్పు కాదు. అందుకే ఒక్క వరుసతో ఆగకుండా దాని కింద నాలుగైదు వరుసలు చదవండి.

ఉబుంటు, మింట్‌లలో ఈ ఫైళ్లన్నీ ఒకే మూటగా వస్తాయి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లినక్స్-ఫర్మ్‌వేర్

డెబియన్‌లో కంపెనీకొకటి చొప్పున విడి ప్యాకేజీలు. రియల్‌టెక్‌కి ఫర్మ్‌వేర్-రియల్‌టెక్, ఇంటెల్ కార్డులకు ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, ఏథరోస్‌కి ఫర్మ్‌వేర్-ఏథరోస్. ఏఆర్9271కి మాత్రం ఫర్మ్‌వేర్-ఏటీహెచ్9కే-హెచ్‌టీసీ. దాని సోర్స్ కూడా స్వేచ్ఛగా దొరుకుతుంది, కాబట్టి అది డెబియన్ మెయిన్‌లోనే ఉంటుంది.

డెబియన్ 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లు ఒక చిక్కులో పడతారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ప్యాకేజీలను నాన్-ఫ్రీలోంచి తీసి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలో పెట్టారు. పాత /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్‌లో ఆ విభాగం పేరు ఉండదు. అందుకని ప్యాకేజీ దొరకలేదని ఆప్ట్ అంటుంది, లేదా పాత వెర్షనే ఉండిపోతుంది. ఆ ఫైల్ తెరిచి మెయిన్ అని ఉన్న ప్రతి వరుస చివరా నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ చేర్చి, సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి.

ఫైల్ వచ్చాక డాంగిల్ తీసి మళ్లీ పెడితే చాలు. లోపలి కార్డులకు డ్రైవర్‌ని దించి ఎక్కించాలి: సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ కొట్టి పక్కన డ్రైవర్ పేరు, తర్వాత సుడో మాడ్‌ప్రోబ్ కొట్టి అదే పేరు. అంత శ్రమ ఎందుకనుకుంటే రీస్టార్ట్ చేయండి.

రేడియో మూసి ఉందేమో

ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్

సాఫ్ట్ బ్లాక్‌డ్ ఎదురుగా యెస్ అని ఉంటే సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై కొట్టండి. హార్డ్ బ్లాక్‌డ్ యెస్ అంటే ల్యాప్‌టాప్ మీద స్విచ్‌తోనో బటన్‌తోనో ఆపేశారు. దాన్ని ఏ కమాండూ తెరవలేదు.

ఇవేవీ కుదరనప్పుడు: డీకేఎంఎస్‌తో బయటి డ్రైవర్

కెర్నెల్ మార్చుకునే వీలు లేకపోయినా, మీ చిప్‌కి కెర్నెల్‌లో డ్రైవరే లేకపోయినా ఇక బయటి డ్రైవర్ తప్పదు. ఇవి చాలావరకు చిప్ కంపెనీ ఒక పాత కెర్నెల్ కోసం రాసి వదిలిన కోడ్. ఆసక్తి ఉన్నవాళ్లు కొత్త కెర్నెల్స్‌కి సరిపడేలా సరిదిద్దుతూ వస్తారు. కెర్నెల్ లోపలి ఫంక్షన్ల పేర్లు, అవి తీసుకునే విలువలు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి. అందుకే నిరుడు చక్కగా కంపైల్ అయిన డ్రైవర్ ఈ ఏడు ఎర్రర్లతో ఆగిపోతుంది. సోర్స్ ఎంచుకునేటప్పుడు ఎంతమంది మెచ్చుకున్నారన్నది వదిలేసి, చివరిసారి ఎప్పుడు మార్పు చేశారో, మీ కెర్నెల్ వెర్షన్ పేరు అందులో ఎక్కడైనా ఉందో చూడండి. ఫోల్డర్‌లో డీకేఎంఎస్.కాన్ఫ్ అనే ఫైల్ తప్పక ఉండాలి.

ఆ ఫైల్ లేకుండా ఉత్త మేక్ ఇన్‌స్టాల్‌తో పెట్టిన డ్రైవర్ ఆ ఒక్క కెర్నెల్‌కే పనికొస్తుంది. మామూలు అప్‌డేట్‌లో కెర్నెల్ మారిన మర్నాడు వైఫై పోతుంది. డీకేఎంఎస్ అయితే కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని కొత్తగా కట్టిపెడుతుంది.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ డీకేఎంఎస్ గిట్

దీనితోపాటు కెర్నెల్ హెడర్లు, అంటే డ్రైవర్ కట్టడానికి కావాల్సిన కెర్నెల్ ఫైళ్లు, కావాలి. డెబియన్‌లో లినక్స్-హెడర్స్-ఏఎండీ64, ఉబుంటులో లినక్స్-హెడర్స్-జెనరిక్; పైన చెప్పిన హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ పెట్టుకుంటే లినక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04. కెర్నెల్ వెర్షన్ అంకెలున్న హెడర్ల ప్యాకేజీ పెట్టొద్దు. పైన చెప్పిన పేర్లు పెడితే కెర్నెల్‌తోపాటు హెడర్లూ వాటంతట అవే మారుతూ ఉంటాయి. ఇప్పుడున్న కెర్నెల్‌కి హెడర్లు ఉన్నాయో లేదో తెలియాలంటే /లిబ్/మాడ్యూల్స్ కింద యూనేమ్ -ఆర్ చూపిన పేరుతో ఉన్న ఫోల్డర్ తెరవండి. అందులో బిల్డ్ అనే లింక్ పనిచేస్తూ ఉండాలి. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయకుండా డ్రైవర్ కట్టబోతే ఇక్కడే తేడా వస్తుంది: కొత్త కెర్నెల్ డిస్క్ మీద ఉంటుంది, పాతది నడుస్తూ ఉంటుంది. ముందు రీస్టార్ట్ చేసి, అప్పుడు మొదలుపెట్టండి.

సోర్స్ ఫోల్డర్‌ని /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ కిందకి కాపీ చేయాలి. ఫోల్డర్ పేరు, డీకేఎంఎస్.కాన్ఫ్‌లో ఉన్న ప్యాకేజీ పేరు, అడ్డగీత, వెర్షన్ కలిపి అచ్చంగా అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా డీకేఎంఎస్‌కి దొరకదు. తర్వాత ఈ మూడూ వరుసగా, ఎం పక్కన పేరు, వి పక్కన వెర్షన్ పెట్టి కొట్టండి:

సుడో డీకేఎంఎస్ యాడ్ -ఎం పేరు -వి వెర్షన్
సుడో డీకేఎంఎస్ బిల్డ్ -ఎం పేరు -వి వెర్షన్
సుడో డీకేఎంఎస్ ఇన్‌స్టాల్ -ఎం పేరు -వి వెర్షన్

బిల్డ్ దగ్గర ఆగితే /వార్/లిబ్/డీకేఎంఎస్ లోపల, మీ డ్రైవర్ ఫోల్డర్‌లో మేక్.లాగ్ ఉంటుంది. అందులో కింది నుంచి కాకుండా పై నుంచి చదువుతూ మొదటి ఎర్రర్ పట్టుకోండి. తర్వాతివి చాలావరకు దాని పిల్లలే. ఇంప్లిసిట్ డిక్లరేషన్, టూ మెనీ ఆర్గ్యుమెంట్స్ లాంటి మాటలుంటే ఆ సోర్స్ మీ కెర్నెల్ కంటే పాతది, వేరేది చూసుకోవాలి.

కట్టడం బాగానే జరిగి, ఎక్కించేటప్పుడు కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అని వస్తే అది సెక్యూర్ బూట్ పని. తాను నమ్మే సంతకం లేని డ్రైవర్‌ని కెర్నెల్ రానివ్వదు. మాక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్ కొడితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. దాన్ని బయోస్‌లో ఆపేయమని చాలాచోట్ల సలహా ఇస్తారు. విండోస్ కూడా ఉన్న కంప్యూటర్‌లో, ముఖ్యంగా బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే, అలా చేయొద్దు. రికవరీ కీ అడిగి కూర్చుంటుంది. డీకేఎంఎస్ తన తాళంతో సంతకం చేస్తుంది, ఆ తాళాన్ని మీ మదర్‌బోర్డుకి పరిచయం చేస్తే సరిపోతుంది. ఉబుంటులో:

సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ

డెబియన్ 12, 13లలో:

సుడో మాక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/డీకేఎంఎస్/మాక్.పబ్

రెండూ ఒక పాస్‌వర్డ్ అడుగుతాయి. అది ఈ ఒక్కసారికే. ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో సాదాగా పెట్టండి, ఎందుకంటే తర్వాత వచ్చే తెర అమెరికన్ కీబోర్డ్ అమరికనే అనుకుంటుంది, గుర్తులు వేరేచోట పడొచ్చు. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. దాదాపు పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కాలి, లేకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్లీ మొదటినుంచి చేయాలి. ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్: ఇదీ వరుస.

బయటి డ్రైవర్‌తోపాటు కెర్నెల్‌లోని డ్రైవర్ కూడా అదే డాంగిల్‌ని పట్టుకోవాలని చూస్తే, ముందు అందుకున్నదానిదే. దాంతో ఒక రోజు పనిచేసి ఒక రోజు పనిచేయదు. అప్పుడు /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో వైఫై-బ్లాక్.కాన్ఫ్ అనే ఫైల్ పెట్టి, అందులో బ్లాక్‌లిస్ట్ అని రాసి పక్కన కెర్నెల్ డ్రైవర్ పేరు రాయండి. సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు కొట్టి రీస్టార్ట్ చేయండి.

నెట్‌వర్క్‌కి కలపడం

ఎన్ఎంసీఎల్ఐ డివైస్ స్టేటస్
ఎన్ఎంసీఎల్ఐ డివైస్ వైఫై లిస్ట్
ఎన్ఎంసీఎల్ఐ --ఆస్క్ డివైస్ వైఫై కనెక్ట్ "మీ వైఫై పేరు"

ఆస్క్ ఎందుకంటే పాస్‌వర్డ్‌ని విడిగా అడుగుతుంది, కమాండ్ హిస్టరీలో ఉండిపోదు. వైఫై పేరులో పెద్ద చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది.

మొదటి కమాండ్‌లో మీ పరికరం అన్‌మేనేజ్డ్ అని కనబడితే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని ముట్టుకోవడం లేదు. డెబియన్‌ని డెస్క్‌టాప్ లేకుండా వైఫై మీదే ఇన్‌స్టాల్ చేసి, తర్వాత డెస్క్‌టాప్ చేర్చుకున్నప్పుడు ఇలా అవుతుంది. ఇన్‌స్టాలర్ ఆ వైఫై వివరాలను /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్‌లో రాసిపెడుతుంది, అక్కడ పేరున్నదాన్ని నెట్‌వర్క్ మేనేజర్ వదిలేస్తుంది. ఆ ఫైల్‌లో లూప్‌బ్యాక్ (ఎల్ఓ అని ఉండే) వరుసలు ఉంచి, వైఫై పేరున్న వరుసల ముందు హాష్ గుర్తు (#) పెట్టి రీస్టార్ట్ చేయండి.

ఇంట్లో వైఫై ఉన్నా లిస్ట్‌లో రాకపోతే అది 5 గిగాహెర్ట్‌జ్‌ది కావచ్చు. ఆర్‌టీఎల్8188, ఏఆర్9271 రెండూ 2.4 గిగాహెర్ట్‌జ్‌కే పరిమితం, ఏ డ్రైవరూ ఆ హద్దు దాటించలేదు.

కొన్ని రకాల వైఫైలు కనబడి కొన్ని కనబడకపోవడానికి దేశపు అమరిక కూడా కారణం కావచ్చు. ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొడితే కంట్రీ ఎదురుగా 00 అని ఉంటే కెర్నెల్‌కి ఏ దేశమో తెలియదు, అందుకని అన్ని దేశాలకూ సరిపడే జాగ్రత్త నియమాలు పెట్టుకుంటుంది. అమెరికాలో కొన్న అడాప్టర్లు చాలావరకు 11వ ఛానెల్ దాటి చూడవు. మన దగ్గర 12, 13 ఛానెళ్లకు అనుమతి ఉంది. రౌటర్ ఆటోలో ఉండి 13 ఎంచుకుంటే ఆ అడాప్టర్‌కి వైఫై మాయమైనట్టే. భారతదేశంలో ఉన్నవాళ్లు, ఐఎన్ పెద్ద అక్షరాలతో:

సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్

కొన్ని కార్డులు తమలో రాసి ఉన్న దేశాన్ని వదలవు. వాటికి రౌటర్‌లోనే 1, 6, 11 ఛానెళ్లలో ఒకటి ఖాయం చేయడం సులువైన దారి. అమెరికాలోనో ఇంకో దేశంలోనో ఉన్నవాళ్లు అక్కడి కోడే పెట్టాలి, రేడియో నియమాలు ఉన్న చోటివే వర్తిస్తాయి.

పాస్‌వర్డ్ సరైనదే అయినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే రెండు చూడండి. రౌటర్‌లో భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత చిప్‌లు చాలావాటికి అది రాదు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ పెట్టండి. రెండోది, స్కాన్ చేసేటప్పుడు నెట్‌వర్క్ మేనేజర్ డాంగిల్ మ్యాక్ అడ్రస్ (పరికరానికుండే గుర్తింపు సంఖ్య) మార్చుతుంది, కొన్ని రియల్‌టెక్ డ్రైవర్లు దాన్ని తట్టుకోలేవు. /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డీ లో కొత్త ఫైల్ పెట్టి, మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య డివైస్ అని, రెండో వరుసలో వైఫై.స్కాన్-ర్యాండ్-మ్యాక్-అడ్రస్=నో అని రాసి, సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్ కొట్టండి. ఈ ఫోల్డర్ పేరులోనూ, సర్వీస్ పేరులోనూ నెట్‌వర్క్‌లోని ఎన్, మేనేజర్‌లోని ఎం పెద్ద అక్షరాలు.

కలిసింది కానీ నిలకడ లేదు

కాసేపు వదిలేస్తే తెగిపోవడం, పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) ఒకసారి 3 మిల్లీసెకన్లు ఒకసారి 300 రావడం పవర్ సేవింగ్ లక్షణాలు. పైన చెప్పిన ఫోల్డర్‌లోనే ఇంకో ఫైల్‌లో, చదరపు బ్రాకెట్ల మధ్య కనెక్షన్ అని, కింద వైఫై.పవర్‌సేవ్ = 2 అని రాయండి. 2 అంటే ఆపు, 3 అంటే నడుపు. ఉబుంటులో ఆ ఫోల్డర్‌లో ముందే 3 అని రాసిన ఫైల్ ఉంటుంది. కొత్తది పెట్టకుండా దాన్నే 2 చేయండి. ఐడబ్ల్యూ డెవ్ అని కొట్టి, పక్కన మీ వైఫై పరికరం పేరు, ఆ తర్వాత గెట్ పవర్_సేవ్ చేరిస్తే ఆఫ్ అని చెప్పాలి. ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌తో ఇంకా తెగుతుంటే మాడ్‌ప్రోబ్.డీ లో ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ డిసేబుల్_ఎల్‌పీఎస్_డీప్=వై అన్న వరుస చేర్చండి.

ఐడబ్ల్యూ డెవ్, పరికరం పేరు, లింక్ అని కొడితే సిగ్నల్ అంకె వస్తుంది. -50 చుట్టూ ఉంటే బాగుంది, -70 దాటితే బలహీనం, -80 దగ్గర డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు. రౌటర్ పక్కగదిలోనే ఉండి కూడా అంకె పడిపోతుంటే డాంగిల్ పక్కనున్న పోర్టు చూడండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్‌జ్ పరిధిలో రొద పుట్టిస్తాయి. పక్కపోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కాపీ నడుస్తుంటే వైఫై కుదేలవుతుంది. డాంగిల్‌ని యూఎస్‌బీ 2.0 పోర్టుకి మార్చినా, అర మీటరో మీటరో పొడిగింపు కేబుల్‌తో దూరంగా పెట్టినా తేడా వెంటనే కనబడుతుంది.

వేగం విషయంలో డబ్బా మీది అంకె చూసి మోసపోవద్దు. ఒక్క యాంటెన్నా ఉన్న ఎన్ రకం చిప్‌కి 20 మెగాహెర్ట్‌జ్ ఛానెల్‌లో లింక్ వేగం 72 మెగాబిట్లు, 40 మెగాహెర్ట్‌జ్‌లో 150. చేతికందేది అందులో సగం మాటే. ఇరుగుపొరుగు వైఫైలు ఎక్కువగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో 40 పెట్టినా 20కే పడిపోతుంది.

డిస్ట్రో అప్‌గ్రేడ్ చేసేటప్పుడు

డీకేఎంఎస్‌తో పెట్టిన డ్రైవర్ ఉంటే అప్‌గ్రేడ్‌కి ముందు, మీ చిప్‌కి కొత్త కెర్నెల్‌లో డ్రైవర్ వచ్చిందేమో చూసుకోండి. వచ్చి ఉంటే పాతదాన్ని తీసేయండి:

సుడో డీకేఎంఎస్ రిమూవ్ పేరు/వెర్షన్ --ఆల్

తీయకపోతే కొత్త కెర్నెల్‌కి కట్టలేక డీకేఎంఎస్ ఎర్రర్ ఇస్తుంది, కొన్నిసార్లు కెర్నెల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కూడా సగంలో ఆగుతుంది. /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీలోని ఆ ఫోల్డర్‌ని, దానితోపాటు మాడ్‌ప్రోబ్.డీ లో మీరు పెట్టిన వైఫై-బ్లాక్.కాన్ఫ్‌ని కూడా తీసేసి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ నడపండి. ఆ ఫైల్ అక్కడే ఉండిపోతే కెర్నెల్‌లోని డ్రైవర్ ఎంత సరైనదైనా డాంగిల్ పెట్టినప్పుడు తనంతట తాను ఎక్కదు.